కండకు కొలబద్ద ఉందా?



పోయిన వేసవి సెలవుల్లో ఒక సాయంత్రం నా పాత విద్యార్థి ఒకడు ఇంటికి వచ్చాడు. నా దగ్గర పదో తరగతి వరకు చదువుకున్న పిల్లవాడు. ఇప్పుడు ఇరవై రెండేళ్ళ యువకుడు. హోసూరు సిప్‌కాట్‌లో ఒక కర్మాగారంలో పని చేస్తున్నాడు. షిఫ్టు అయిపోగానే జిమ్ముకు పోతాడు. రెండేళ్ళుగా బరువులు ఎత్తుతున్నాడు. భుజాలు, ఛాతీ చూడగానే తెలిసిపోతుంది.

కూర్చున్న తర్వాత జేబులోంచి రెండు కాగితాలు తీసి నా ముందు పెట్టాడు. మొదటిది పని చేసే చోట జరిపిన ఆరోగ్య శిబిరంలో ఇచ్చింది. ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 72 కిలోలు, బి.ఎమ్.ఐ. 24.9 అని రాసి, ఎదురుగా 'అధిక బరువు' అని ముద్ర వేశారు. రెండోది జిమ్ములో రాసిచ్చిన చీటీ. అందులో 21.2 అని ఒక అంకె, దాని కింద '25 వరకు పోవచ్చు' అని ఒక మాట.

"సార్, ఒక కాగితమేమో నన్ను లావుగా ఉన్నావంటుంది. ఇంకొకటేమో కండ చాలదంటుంది. దేన్ని నమ్మేది?" అన్నాడు.

నేను నవ్వబోయాను. అంతలో అతను గొంతు తగ్గించి, "జిమ్ముకు వచ్చే ఒకాయన ఉన్నాడు సార్. సూది వేసుకుంటే మూడు నెలల్లో 25 దాటిస్తానంటున్నాడు" అన్నాడు. ఇక నవ్వు రాలేదు.

నేను డాక్టరును కాను. లెక్కలు, సైన్సు చెప్పుకునే బడిపంతులును. కానీ ఈ రెండు కాగితాల మీద ఉన్నవి రెండూ లెక్కలే కదా! ఆ లెక్కలు ఎక్కడినుంచి వచ్చాయి, ఎంతవరకు నిజం చెబుతాయి, ఎక్కడ తప్పుదారి పట్టిస్తాయి అన్నది ఆ సాయంత్రం అతనితో కూర్చుని చూశాను. అదే ఈవేళ మీతో పంచుకుంటాను.

మొదట బి.ఎమ్.ఐ. సంగతి. బరువును కిలోలలో తీసుకుని, ఎత్తును మీటర్లలో తీసుకుని, ఎత్తును ఎత్తుతోనే హెచ్చవేసి, దానితో బరువును భాగిస్తారు. మన అబ్బాయి ఎత్తు 1.7 మీటర్లు. 1.7ను 1.7తో హెచ్చవేస్తే 2.89. 72ను 2.89తో భాగిస్తే 24.9 వస్తుంది. అంతే లెక్క.

ఈ లెక్క కట్టినవాడు వైద్యుడు కాదు. బెల్జియం దేశపు ఖగోళ, గణిత శాస్త్రవేత్త అడాల్ఫ్ కెట్లే. 1830ల నాటి మాట ఇది. ఒక జనసమూహంలో సగటు మనిషి ఎలా ఉంటాడో తెలుసుకోవాలని ఆయన ఆరాటం. ఎదురుగా నిలబడిన ఒక్క మనిషి ఆరోగ్యం చెప్పడానికి ఆయన దీన్ని కట్టలేదు. ఆ తర్వాత 1972లో అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్, ఆయన సహచరులు అయిదు దేశాలలోని 7,400 మందికి పైగా మగవాళ్ళ కొలతలు చూసి, దీనికి ఇప్పుడున్న పేరు పెట్టారు. తక్కిన సూత్రాలకంటే ఇది సులువు, జనసమూహాలకు పనికివస్తుంది అని వాళ్ళ అభిప్రాయం.

ఇందులో లోపం ఏమిటో మనకు సులభంగానే తెలుస్తుంది. తూకం రాయి మీద నిలబడితే ముల్లు బరువునే చూపిస్తుంది. అందులో కండ ఎంత, కొవ్వు ఎంత, ఎముక ఎంత, నీరు ఎంత అని చెప్పదు. కృష్ణగిరి మామిడి మండీలో బుట్టలు మోసే ఒక పెద్దమనిషిని నేను ఎరుగుదును. ఎత్తు 165, బరువు 74. లెక్క వేస్తే 27 దాటుతుంది. మన దేశంలో 2009లో నిపుణులు కూర్చుని ఒప్పుకున్న ప్రకారం 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం. ఆ లెక్కన ఆయన స్థూలకాయుడు! నడుము చూస్తే 80 సెంటీమీటర్లు. పొట్ట అనేది లేదు.

ఇక నా సంగతి చెబుతాను. నా ఎత్తు కూడా 165. బరువు 61. లెక్క 22.4. కాగితం మీద నేను నిక్షేపంగా ఉన్నాను. నడుము మాత్రం 88. నల్లబల్ల ముందు నిలబడి, కుర్చీలో కూర్చుని, పేపర్లు దిద్ది సంపాదించిన పొట్ట అది.

ఇది నా ఒక్కడి కథ కాదు. పుణేకు చెందిన డాక్టరు యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టరు యుడ్కిన్ అని ఇద్దరు శాస్త్రవేత్తలు 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో తమ ఇద్దరి ఫొటోలే వేసి చూపించారు. ఇద్దరి బి.ఎమ్.ఐ. ఒకటే, 22.3. ఎక్స్‌రే యంత్రంతో కొవ్వు కొలిస్తే ఇంగ్లీషాయనకు నూటికి 9.1 వంతులు, మన ఆయనకు 21.2 వంతులు. సన్నగా కనబడుతూనే లోపల కొవ్వు దాచుకునే శరీరం మనలో చాలామందిది. అందుకే మనవాళ్ళకు హద్దును 25 నుంచి 23కు దించారు. దించినందువల్ల నాబోటి వాళ్ళలో కొందరు ముందుగా జాగ్రత్త పడతారు. మండీ పెద్దమనిషి, మన జిమ్ము అబ్బాయి లాంటివాళ్ళు మాత్రం అనవసరంగా ముద్ర వేయించుకుంటారు.

కాబట్టి మొదటి కాగితం గురించి అతనికి చెప్పింది ఇది: "శిబిరంలో వందల మందిని నిలబెట్టి, ఎవరిని డాక్టరు దగ్గరికి పంపాలో వేరు చేయడానికి అది పనికివచ్చే జల్లెడ. జల్లెడలో నిలిచినంత మాత్రాన నువ్వు రాయివి అయిపోవు. నడుము కొలుచుకో." కొలిచాడు. 79 వచ్చింది. ఆ కాగితాన్ని మడిచి పక్కన పెట్టాం.

ఇప్పుడు రెండో కాగితం. అసలు చిక్కు దీనితోనే. బి.ఎమ్.ఐ. కొవ్వునూ కండనూ కలిపేస్తుంది కనుక, కొవ్వును తీసేసి లెక్క వేద్దామని మరొక సూచిక కట్టారు. దాన్ని మనం కొవ్వు తీసిన సూచిక అందాం. మన అబ్బాయి ఒంట్లో కొవ్వు నూటికి 15 వంతులు అని జిమ్ములోని యంత్రం చెప్పింది. 72 కిలోలలో 15 వంతులంటే 10.8 కిలోలు. అది తీసేస్తే మిగిలేది 61.2 కిలోలు. దాన్ని ఆ 2.89తోనే భాగిస్తే 21.2. చీటీ మీది అంకె అదే.

మరి ఆ 25 ఎక్కడిది? 1995లో అమెరికాలో ఎలీనా కౌరి, హారిసన్ పోప్, వారి సహచరులు ఒక పరిశీలన ప్రకటించారు. బరువులు ఎత్తే మగవాళ్ళు 157 మందిని తీసుకున్నారు. వాళ్ళలో 83 మంది స్టెరాయిడ్ మందులు వాడినవాళ్ళు, 74 మంది వాడనివాళ్ళు. ఎత్తులో తేడాలు సర్దడానికి అందరినీ 180 సెంటీమీటర్ల మనిషికి సమానం చేసి లెక్క వేశారు. పొట్టివాళ్ళకు కొంచెం కలుపుతారు, పొడుగువాళ్ళకు కొంచెం తీస్తారు. మందు వాడనివాళ్ళ అంకెలు సుమారు 25 దగ్గర ఆగిపోయాయి. వాడినవాళ్ళలో చాలామంది 25 దాటారు. కొందరు 30 కూడా దాటారు. సహజమైన కండకు 25 అనే గోడ కట్టింది ఈ పరిశీలనే అని జిమ్ములలో చెప్పుకుంటారు.

అయితే ఆ పరిశోధకులే ఇంకొక పని కూడా చేశారు. 1939 నుంచి 1959 వరకు, అంటే స్టెరాయిడ్లు విరివిగా దొరకని రోజుల్లో, మిస్టర్ అమెరికాగా నెగ్గిన 20 మందికి అంచనాగా లెక్క కట్టారు. వారి సగటే 25.4 వచ్చింది. సగటు 25.4 అంటే వారిలో కొందరు 25 దాటినవాళ్ళే కదా! 2017లో ప్రకటించిన మరొక పరిశీలనలో అమెరికా కళాశాలల ఫుట్‌బాల్ ఆటగాళ్ళు 235 మందిని కొలిచారు. మనం ఆడే ఫుట్‌బాల్ కాదది, గుద్దుకుని ఆడే ఆట. అందులో నలుగురిలో ఒకరికి పైగా 25 దాటారు.

వీటన్నిటికంటే వింత జపాన్ సుమో మల్లులది. 1994లో అక్కడ కొలిచినవాళ్ళలో ఒకాయన ఎత్తు 186 సెంటీమీటర్లు, బరువు 181 కిలోలు. ఒంట్లో మూడోవంతు కొవ్వే. అది తీసేసినా 121 కిలోలు మిగిలింది. లెక్క కడితే 35! ఆయన ఒంట్లో ఉన్నదంతా కండేనా? కాదు. కొవ్వు తీసిన బరువంటే కండ ఒక్కటే కాదు, ఎముక, రక్తం, నీరు, కాలేయం, గుండె అన్నీ కలిసినది. భారీ శరీరం మోయడానికి వాటన్నిటి బరువూ పెరుగుతుంది. కనుక ఈ సూచిక పేరులో కొవ్వు తీసేసినా, కండను మాత్రం విడిగా కొలవలేదన్నమాట.

ఇందులో ఇంకొక బలహీనత ఉంది. కొవ్వు శాతాన్ని సరిగ్గా కొలిస్తేనే ఈ లెక్క నిలబడుతుంది. జిమ్ములో యంత్రం మీద నిలబడితే అది అరికాళ్ళ గుండా చిన్న విద్యుత్తు పంపి, ఒంట్లో నీటిని బట్టి కొవ్వును అంచనా వేస్తుంది. చెమట కారినా, నీళ్ళు తాగినా, భోంచేసినా అంకె మారుతుంది. చర్మాన్ని మడిచి పట్టుకారుతో కొలిచే పద్ధతి ఒకటుంది. దానికి వాడే సూత్రాలలో పేరు పొందినది 1974లో స్కాట్లాండులోని గ్లాస్గోలో 481 మంది మీద కట్టింది. గ్లాస్గో మనిషి చర్మం కింది కొవ్వుకు, హోసూరు మనిషి చర్మం కింది కొవ్వుకు ఒకే సూత్రం అతుకుతుందని ఎలా అనుకుంటాం?

అయిదు వంతుల తేడా వస్తే ఏమవుతుందో లెక్క వేసి చూపించాను. కొవ్వు 15 బదులు 20 అయితే అతని సూచిక 19.9. 10 అయితే 22.4. మనిషి అదే మనిషి. రెండేళ్ళు చెమటోడ్చినా కదలనంత తేడా, యంత్రం పొరపాటుతో ఒక్క నిమిషంలో వచ్చిపడుతుంది!

అయితే సార్, అసలు హద్దే లేదా అని అడిగాడు. మంచి ప్రశ్న. హద్దు ఉంది. ప్రతి శరీరంలోనూ కండ కట్టే పనీ, కరిగించే పనీ రెండూ జరుగుతూ ఉంటాయి. కండను పెరగనివ్వకుండా ఆపే మయోస్టాటిన్ అనే పదార్థాన్ని శరీరమే తయారుచేసుకుంటుంది. బెల్జియన్ బ్లూ అనే జాతి పశువుల్లో పుట్టుకతోనే ఆ కళ్ళెం చెడిపోయి ఉంటుందని 1997లో కనుగొన్నారు. అందుకే ఆ ఎద్దులు ఏ వ్యాయామమూ లేకుండానే మామూలు పశువులకంటే ఎక్కువ కండతో కొండల్లా కనబడతాయి. మనకు ఆ కళ్ళెం ఉంది. మొదటి ఏడాది వేగంగా పెరిగే కండ, తర్వాత ఏడాదికి ఏడాది నెమ్మదిస్తుంది. ఎముకల గూడు ఎంత వెడల్పు, తల్లిదండ్రులు ఇచ్చిన ఒడ్డూపొడుగూ ఎంత, ఒంట్లో ఊరే హార్మోను ఎంత అన్నదాన్ని బట్టి ఒక్కొక్కరి హద్దు ఒక్కొక్క చోట ఉంటుంది. ఒకరికి 22 దగ్గర, ఇంకొకరికి 24 దగ్గర, అరుదుగా ఒకరికి 26 దగ్గర. జనం మొత్తాన్ని చూసి, ఇంతకు పైన సహజంగా ఉండేవాళ్ళు అరుదు అని సూచిక చెప్పగలదు. నీ హద్దు ఎక్కడో చెప్పలేదు. అలాగే 26 వచ్చినవాణ్ణి మందు వాడాడని నిందించడానికీ, 23 వచ్చినవాణ్ణి శుద్ధుడని మెచ్చుకోవడానికీ అది సాక్ష్యం కాదు. పోటీల్లో దొంగను పట్టేది మూత్రం, రక్తం పరీక్ష.

మనవాళ్ళలో బలానికి పేరు చెప్పమంటే ఎవరైనా కోడి రామమూర్తి నాయుడు గారి పేరే చెబుతారు. 1882లో ఉత్తరాంధ్రలోని వీరఘట్టంలో పుట్టి, 1942లో కన్నుమూసిన మహాబలశాలి. ఛాతీ మీద ఏనుగును నిలుపుకోవడం, ఉక్కు గొలుసులు తెంపడం ఆయన సర్కసులో జనం కళ్ళారా చూసిన విద్యలు. కలియుగ భీముడని పిలుచుకున్నారు. టెస్టోస్టెరోన్ అనే పురుష హార్మోనును ప్రయోగశాలలో తయారుచేసింది 1935లో. ఆయన సర్కసు రోజులు దానికి చాలా ముందువి. అప్పటికి అంగట్లో ఆ సూది లేదు. మరి ఆ బలం ఎక్కడిది? చిన్ననాటి నుంచి చేసిన సాము, ఊపిరి బిగించే అభ్యాసం, ఏ నరాన్ని ఎప్పుడు బిగించాలో తెలిసిన నేర్పు. ఇవేవీ బరువును ఎత్తుతో భాగిస్తే వచ్చేవి కావు.

కరణం మల్లీశ్వరి గారిని తీసుకోండి. 1994, 1995 సంవత్సరాల్లో 54 కిలోల తరగతిలో ప్రపంచ విజేత. 2000 సంవత్సరం సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల తరగతిలో 110, 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చారు. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆవిడే. పెద్దయ్యాక ఎత్తు మారదు కదా. ఆ రెండు తరగతుల బరువులనే తీసుకుంటే బి.ఎమ్.ఐ. నూటికి 28 వంతులు పెరిగినట్టు. ఆరోగ్య శిబిరంలో కూర్చున్న గుమాస్తాకు ఆ పెరుగుదల మాత్రమే కనిపిస్తుంది. ఆ బరువు వెనక ఉన్న ఏళ్ళ సాధన కనిపించదు.

ఇక ఆ సూది. దాని గురించి మొహమాటం లేకుండా మాట్లాడాను. బయటినుంచి హార్మోను ఎక్కిస్తే, ఒళ్ళు తన సొంత తయారీని మానుకుంటుంది. వృషణాలు చిన్నవవుతాయి. వీర్యకణాలు తగ్గిపోతాయి. మానేసిన తర్వాత కూడా తిరిగి సర్దుకోవడానికి నెలలు, కొందరికి ఏళ్ళు పడుతుంది. గుండె కండరం దళసరి అవుతుంది. మంచి కొలెస్టరాలు పడిపోతుంది. మాత్రల రూపంలో మింగేవి కాలేయాన్ని దెబ్బతీస్తాయి. కోపం, దిగులు పెరుగుతాయి. ఎదిగే వయసు పిల్లలు వాడితే ఎముకల పెరుగుదల ముందే ఆగిపోయి పొట్టిగా మిగిలిపోవచ్చు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందులవి. జిమ్ము మూలన చేతికి ఇచ్చే సీసాలో నిజంగా ఏముందో ఇచ్చేవాడికే తెలియదు.

"నువ్వు 21 నుంచి 25కు పోవాలంటే ఎంత కండ కావాలో లెక్క వెయ్యి" అన్నాను. 25ను 2.89తో హెచ్చవేశాడు. 72.25. ఇప్పుడున్నది 61.2. తేడా 11 కిలోలు. "మూడు నెలల్లో 11 కిలోలు సార్!" అని అతనే ఆశ్చర్యపోయాడు. గ్లాస్గో సూత్రమూ, అమెరికా పరిశీలనా అక్కర్లేకుండా ఆ ఒక్క హెచ్చవేతే అతనికి సగం సంగతి చెప్పేసింది.

మరి ఏం కొలుచుకోవాలి? నేను చెప్పినవి ఇవి. ఒక దారం తీసుకుని నీ ఎత్తు కొలుచుకో. దాన్ని సగానికి మడిచి నడుము చుట్టూ తిప్పు. రెండు కొసలు కలిస్తే మంచిది. కలవకపోతే పొట్ట తగ్గించుకోవాలి. దీనికి యంత్రం అక్కర్లేదు, అవ్వకూ తాతకూ కూడా చెప్పవచ్చు. ఒక నోటుపుస్తకం పెట్టుకో. ఈ నెల ఎంత బరువు ఎన్నిసార్లు ఎత్తావు, పోయిన నెల ఎన్నిసార్లు ఎత్తావు అని రాసుకో. కొవ్వు యంత్రం వాడాలనుకుంటే ఎప్పుడూ అదే యంత్రం, పొద్దున్నే, పరగడుపున. వచ్చిన అంకెను ఇంకొకరి అంకెతో పోల్చవద్దు. నీ పాత అంకెతోనే పోల్చుకో.

తిండి సంగతికి వస్తే, రాగిసంగటి బలమైనదే కాని కండ కట్టే మాంసకృత్తులు అందులో కొద్దిగానే ఉంటాయి. నూరు గ్రాముల రాగుల్లో ఏడెనిమిది గ్రాములు. అదే నూరు గ్రాముల ఉలవల్లో ఇరవైకి పైగా. సంగటితో ఉలవచారు కలిపి తినమన్న మన అవ్వలకు ఈ లెక్క ఎవరు చెప్పారో! గుడ్డు, పాలు, అనపగింజలు, వేరుశెనగలు మన సంతల్లో దొరికేవే. వీటితోపాటు రాత్రి షిఫ్టు చేసేవాడికి పగటి నిద్ర తప్పనిసరి. కండ పెరిగేది జిమ్ములో కాదు, తిని పడుకున్నప్పుడు.

అతను సూది వేసుకోనని నాకు మాట ఇవ్వలేదు. నేనూ ఒట్టు వేయించుకోలేదు. ఇరవై రెండేళ్ళవాడికి ఒట్టుకంటే లెక్క మీద గురి ఎక్కువని నా నమ్మకం. రెండు కాగితాలూ జేబులో పెట్టుకుని వెళ్ళాడు.

పోయిన వారం హోసూరు బస్టాండులో కనిపించాడు. అదే ఒళ్ళు, అదే భుజాలు. చంకలో ఒక నోటుపుస్తకం. నన్ను చూడగానే దగ్గరికి వచ్చి, "సార్, మీ నడుము ఇప్పుడు ఎంత?" అని అడిగాడు.

86 అని చెప్పాను. ఇంకా మూడున్నర తగ్గాలి సార్ అని, బస్సెక్కి వెళ్ళిపోయాడు.